ఈ డిజైనుకి అట్టలు ఎవురు కొట్టినారు?

నగరిలో మా మామకి మరమగ్గాల షెడ్డు ఉంది. సంక్రాంతికి పోయినప్పుడు నేను తయారు చేసిన వీడియో ఒకటి ఆయనకి ఫోనులో చూపించాను. నిడివి ఒక నిమిషం. అందులో మనిషి లేడు, కథ లేదు, మాట లేదు. ముదురు నీలం మీద తెల్లటి గీతలు మెలికలు పడుతూ పోతుంటాయి. మెలికలు రెక్కలవుతాయి, రెక్కలు నీటి సుడులవుతాయి, సుడుల్లోంచి మళ్ళీ గీతలు. మామ కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, ఫోను చేయి చాచినంత దూరంలో పట్టుకుని రెండుసార్లు చూశాడు. బాగుందనో బాగాలేదనో అంటాడనుకున్నా.

"దీనికి అట్టలు ఎవురు కొట్టినారు అల్లుడా?" అన్నాడు.

"ఎవరూ కొట్టలేదు మామా. కంప్యూటరే గీసింది."

"కంప్యూటరైతే ఏంది? దానికైనా ఎవురో ఒగరు చెప్పాల గదా, ఈ పోగు లేయాల, ఈ పోగు లేయకూడదు అని."

ఈ బొమ్మల యంత్రాలతో నేను ఆడుకోవడం మొదలుపెట్టి రెండేళ్ళు దాటింది. ఇంత సూటిగా నన్నెవరూ అడగలేదు. 'ఏఐ బొమ్మలెలా గీస్తుంది' అని అడిగేవాళ్ళు చాలామంది అదేదో మాయ అని ముందే తీర్మానించుకుని ఉంటారు. మామకి మాయల మీద నమ్మకం లేదు. డిజైను ఉందంటే దాన్ని ఎక్కడో, ఎవరో, పోగు పోగునా తేల్చి ఉండాలి. ఆ రోజు నేను జవాబు చెప్పేలోగా పొంగలికి పిలుపొచ్చింది. అప్పుడు చెప్పాల్సిన జవాబే ఈ అధ్యాయం.

పోగు పోగునా రాసిన బొమ్మ

తిరుపతి నుంచి చెన్నై పోయే దారిలో నగరి దగ్గరపడుతోందంటే ముందు ముక్కు ఆకారపు కొండ కనిపిస్తుంది, ఊళ్ళోకి వచ్చాక మగ్గాల మోత వినిపిస్తుంది. నగరి, ఏకాంబరకుప్పం, పుత్తూరు చుట్టుపట్ల మరమగ్గం మీద బతికే ఇళ్ళు ఎన్నో. ఇక్కడివాళ్ళకి పడుగు, పేక అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. మిగతా పాఠకుల కోసం రెండు ముక్కలు: నిలువుగా సాగదీసి కట్టిన పోగులు పడుగు. వాటి మధ్య అడ్డంగా నాడె పరిగెత్తి వేసే పోగు పేక. పేక పోయే ప్రతిసారీ పడుగులో ఏ పోగులు పైకి లేస్తాయో, దాన్నిబట్టి బట్ట మీద బొమ్మ పడుతుంది.

ఏ పోగు లేవాలో చెప్పే పని మొదట్లో మగ్గం పైన కూర్చున్న పిల్లవాడిది. ఫ్రాన్సులోని లియాన్‌లో 1804లో జోసెఫ్ మరీ జకార్డు ఆ పని అట్టలకి అప్పగించాడు. అట్టలో బెజ్జం ఉంటే కొక్కెం పోగుని లేపుతుంది, లేకపోతే లేపదు. ఒక్కో పేకకి ఒక్కో అట్ట. ఈ పద్ధతిలో ఎంత దూరం పోవచ్చో చూపడానికి 1839లో జకార్డు బొమ్మనే పట్టుబట్టలో నేశారు. దానికి పట్టిన అట్టలు 24,000. చూసినవాళ్ళు అచ్చు వేసిన చిత్రమనుకున్నారు. లండన్‌లో చార్లెస్ బాబేజ్ అనే లెక్కల మేధావి దాన్నొకటి సంపాదించి ఇంట్లో పెట్టుకున్నాడు, వచ్చినవాళ్ళకి చూపించి మురిసిపోయేవాడు. తాను కలగన్న లెక్కల యంత్రానికి ఆజ్ఞలు ఇవ్వడానికి కూడా ఇలాంటి అట్టలే వాడాలనుకున్నాడు. ఆ యంత్రం పూర్తి కాలేదు గానీ, కంప్యూటరు వంశవృక్షంలో మగ్గం ఒక తాత. కాబట్టి మా మామ అడిగింది పాతకాలపు ప్రశ్న అనుకోకండి. వరసకి అది ఇంటివాళ్ళ ప్రశ్నే.

అట్టకీ ఇప్పటి యంత్రానికీ మధ్య ఇంకో మెట్టుంది. దాన్ని కనిపెట్టింది నగరికి కూతవేటు దూరంలో అన్నా తప్పు లేదు. చెన్నై తాంబరంలోని మద్రాసు క్రైస్తవ కళాశాలలో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి దంపతులు పనిచేసేవారు. వాళ్ళిద్దరూ కమలా కృతివాసన్‌తో కలిసి 1974లో ముగ్గుల మీద ఒక పరిశోధనా పత్రం అచ్చు వేశారు. వాక్యానికి వ్యాకరణం ఉన్నట్టే ముగ్గుకీ వ్యాకరణం రాయవచ్చని వాళ్ళ వాదన. గీత గీతనూ రాయనక్కర్లేదు. 'చుక్క ఎదురైతే దాని చుట్టూ తిరుగు, అంచుకొస్తే వెనక్కి మళ్ళు' వంటి నాలుగైదు సూత్రాలు ఇస్తే చాలు. కంప్యూటరు చిన్న ముగ్గుతో మొదలుపెట్టి ఎంత పెద్దదైనా వేసుకుంటూ పోతుంది. మనం మెలికల ముగ్గు అనేదాన్ని నగరి వీధుల్లో సగంమంది సిక్కు కోలం అంటారు. పేరేదైనా సూత్రం ఒకటే.

అట్టల్లో ప్రతి నిర్ణయమూ రాసి ఉంటుంది. ముగ్గు వ్యాకరణంలో నిర్ణయాలకి బదులు సూత్రాలు రాసి ఉంటాయి. రెంటిలోనూ రాసిన మనిషి ఉన్నాడు. అక్కడి వరకూ మామదే గెలుపు.

మద్రాసు టీవీలో చుక్కలు

మా చిన్నప్పుడు మిద్దె మీద యాంటెనా ఉండేది. దాన్ని మద్రాసు దిక్కుకి తిప్పితే దూరదర్శన్ వచ్చేది. వచ్చేదంటే, వచ్చీ రానట్టు వచ్చేది. తెర నిండా తెల్లచుక్కలు ముసిరేవి, గుర్రుమని శబ్దం. పైనున్నవాడు "వచ్చిందా?" అని అరుస్తాడు, కిందున్నవాడు "ఇంకొంచెం... ఇంకొంచెం... చాలు చాలు, పోయె!" అంటాడు. అయినా ఆ చుక్కల వెనక ఎవరు మాట్లాడుతున్నారో, చీర కట్టుకున్నారో పంచె కట్టుకున్నారో మాకు తెలిసిపోయేది. తెలిసిందంటే కనిపించిందని కాదు. మనిషి ముఖం ఎలా ఉంటుందో అంతకుముందు వెయ్యిసార్లు చూశాం కాబట్టి, చుక్కల్లోంచి ముఖాన్ని మేమే పూరించుకునేవాళ్ళం.

ఇవాళ్టి బొమ్మల యంత్రానికి తెలిసిన విద్య అదొక్కటే. ఆ చుక్కల్ని ఇంగ్లిషులో నాయిస్ అంటారు, నేను దుమ్ము అంటాను. ఈ విద్య పేరు డిఫ్యూజన్. తెలుగులో దుమ్ము దులుపుడు అనుకుందాం. పండితులు ఒప్పుకోరు గానీ, పని అదే.

నేర్పే పద్ధతి ఇలా ఉంటుంది. ఒక ఫొటో తీసుకుంటారు. దాని మీద చిటికెడు రంగు దుమ్ము చల్లుతారు. మళ్ళీ చిటికెడు, మళ్ళీ చిటికెడు. వాకిట్లో వేసిన ముగ్గు గాలికి కొంచెం కొంచెం చెదిరినట్టు, వెయ్యి విడతల్లో బొమ్మ మొత్తం పోయి దుమ్ము ఒక్కటే మిగులుతుంది. చెరపడానికి తెలివి అక్కర్లేదు, గాలి కూడా చేస్తుంది. యంత్రాన్ని అడిగేది దానికి తలకిందుల ప్రశ్న: 'ఇప్పుడు నీ ముందున్న బొమ్మలో ఏది దుమ్ము?' అది చెప్తుంది, తప్పు చెప్తుంది. ఎంత తప్పిందో చూసి లోపలి మరలు రవ్వంత తిప్పుతారు. ఇంకో బొమ్మ, ఇంకో ప్రశ్న, ఇంకో రవ్వ. కోట్ల బొమ్మలతో ఇలా చేశాక దానికి దుమ్మునీ బొమ్మనీ విడదీసే చూపు వస్తుంది. నీళ్ళలో సిరా చుక్క పాకిపోవడాన్ని లెక్కగట్టే భౌతికశాస్త్రం నుంచి ఈ ఆలోచన తెచ్చినవాడు జాషా సోల్ డిక్‌స్టైన్. ఆయన బృందం పత్రం 2015లో వచ్చింది. బొమ్మలు నిజంగా చూడదగ్గట్టు రావడం 2020లో బర్క్‌లీ పరిశోధకులు జొనాథన్ హో, అజయ్ జైన్, పీటర్ అబీల్ చేసిన పనితో మొదలైంది.

ఇప్పుడు తమాషా చూడండి. అంత శిక్షణ పొందిన యంత్రం ముందు బొమ్మే లేని వట్టి దుమ్ము పెట్టి, అదే ప్రశ్న అడుగుతాం: 'ఇందులో ఏది దుమ్ము?' వెనక ఏ బొమ్మా లేదని దానికి తెలియదు. మబ్బుల్లో ఏనుగుని చూసే పిల్లవాడిలా, ఏదో ఉన్నట్టే అనుకుని కాస్త దులుపుతుంది. దులిపాక అక్కడ లేతగా ఏదో ఆకారం ఉన్నట్టుంటుంది. దాన్ని ఆధారం చేసుకుని మరికాస్త దులుపుతుంది. ఇరవై ముప్పై మెట్లు అయ్యేసరికి ఎన్నడూ లేని బొమ్మ ఒకటి తేలుతుంది. యంత్రం దాన్ని గీయలేదు. దుమ్ము తుడుస్తూ పోతే మిగిలింది.

మొదటి దుమ్ము ఎలా పడాలో ఒక అంకె నిర్ణయిస్తుంది. దాన్ని సీడ్ అంటారు, అంటే విత్తు. అదే విత్తు, అవే మాటలు, అవే కొలతలు ఇస్తే అదే బొమ్మ మొలుస్తుంది. ఒక్క అంకె మారిస్తే వేరే బొమ్మ.

ఈ పనంతా సొంత కంప్యూటరులో చేయగలగడానికి ఇంకో ఉపాయం తోడయింది. నిలువు 512, అడ్డం 512 చుక్కల రంగుల బొమ్మలో దాదాపు 7,86,000 అంకెలుంటాయి. దాన్ని ముందు 16,384 అంకెల సంగ్రహంగా కుదిస్తారు. అంటే 48వ వంతు. దులుపుడంతా ఆ సంగ్రహంలోనే జరిగి, చివర్లో ఒక్కసారి పూర్తి బొమ్మగా విప్పుకుంటుంది. పెళ్ళి చీర మొత్తం పరచకుండా కొంగు మూర చూసి బేరమాడుకున్నట్టు. మ్యూనిక్ విశ్వవిద్యాలయం పరిశోధకుల ఈ ఉపాయం మీద కట్టిన స్టేబుల్ డిఫ్యూజన్ 2022 ఆగస్టులో అందరికీ ఉచితంగా విడుదలైంది. మొత్తం విద్య నాలుగు గిగాబైట్ల ఫైలు. ఒక కొత్త సినిమా అంత.

దానికి తెలుగు రాదు

దులిపేటప్పుడు ఏ వైపు ఊహించుకోవాలో మాటలు చెప్తాయి. మొదటి స్టేబుల్ డిఫ్యూజన్‌లో ఆ మాటల భాగం క్లిప్ అనేది. ఓపెన్ ఏఐ 2021లో చేసింది. ఇంటర్నెట్టులోని 40 కోట్ల బొమ్మలు, వాటి పక్కనున్న రాతలు జతలు జతలుగా చూపించి, ఏ రాత ఏ బొమ్మదో గుర్తుపట్టడం దానికి నేర్పారు. బొమ్మలు దులపడం నేర్చుకున్నది లైయాన్ అనే 585 కోట్ల జతల సేకరణలోని ఇంగ్లిషు భాగం మీద. ఇంగ్లిషు అన్న మాట దగ్గర ఆగాలి.

నేను మొదటిసారి ఆశగా 'ముగ్గు' అని తెలుగులోనే కొట్టాను. ఏదో యూరపు ఊళ్ళో కాఫీకొట్టు వచ్చింది. కారణం చిన్నదే. కంప్యూటరు లోపల ఒక్కో తెలుగు గుర్తుకి మూడు బైట్లు పడతాయి. ముగ్గు అన్న మాటలో మకారం, కొమ్ము, గకారం, పొల్లు, మళ్ళీ గకారం, కొమ్ము కలిపి ఆరు గుర్తులు, పద్దెనిమిది బైట్లు. క్లిప్‌కి ఆ మాట ఎప్పుడూ పరిచయం లేదు కాబట్టి దాన్ని పిండి చేసి పద్దెనిమిది ముక్కల దాకా విడగొట్టుకుంటుంది. మొత్తం మీద అది వినగలిగింది 75 ముక్కలు. మన నాలుగు మాటలకే దాని చెవి నిండిపోతుంది, అదీ అర్థం లేని గోలతో.

ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ వాళ్ళు 22 భారతీయ భాషలకి చేసిన ఇండిక్‌ట్రాన్స్2 ఉచితంగానే దొరుకుతుంది. తెలుగులో రాసుకుని దానితో మార్చుకుంటే పని నడుస్తుంది. ఈమధ్య వచ్చిన యంత్రాలు కొన్ని తెలుగు వాక్యం కూడా అర్థం చేసుకుంటున్నాయి. అయినా చిక్కు భాషతో పోదు. కలంకారీ అని ఇంగ్లిషులో అడిగితే నాకు వచ్చిన బొమ్మల్లో శ్రీకాళహస్తి కలం గీతలూ మచిలీపట్నం అచ్చుల పూలూ కలగాపులగంగా ఉన్నాయి. ఫొటోల కింద రాసినవాళ్ళు రెండింటినీ ఒకే పేరుతో రాస్తే, వాటిని చూసి నేర్చుకున్నదానికి తేడా ఎలా తెలుస్తుంది?

కదలిక యాడిది?

ఇప్పటిదాకా బొమ్మ వచ్చింది, కదలలేదు. వీడియో అంటే వరసగా నిలబడిన బొమ్మలే అని అందరికీ తెలుసు. సినిమాలో సెకనుకి 24. నా పనికి 12 చాలు, అంటే నిమిషానికి 720 బొమ్మలు. ఒకే మాటలు ఇచ్చి 720 విత్తులతో 720 బొమ్మలు చేయించి వరసపెడితే? ప్రతి బొమ్మా అందంగానే ఉంటుంది. వరసగా చూస్తే పాడైన ట్యూబులైటులా కళ్ళు చెదిరిపోతాయి. ఈ యంత్రానికి కాలం తెలియదు. నిన్న అనేది లేదు. ఇంతకుముందు ఏం గీసిందో దానికి గుర్తే ఉండదు.

గుర్తు లేనివాడి చేత కథ చెప్పించాలంటే ఏం చేస్తాం? వాడు ఇందాక చెప్పిన వాక్యాన్నే వాడికి వినిపించి 'తర్వాత?' అంటాం. డిఫోరమ్ అనే ఉచిత పనిముట్టు సరిగ్గా అదే చేస్తుంది. మొదటి బొమ్మ వచ్చాక దాన్ని తీసుకుని రవ్వంత జరుపుతుంది. నూటికి రెండు వంతులు పెద్దది చేస్తుందనో, ఒక డిగ్రీ తిప్పుతుందనో అనుకోండి. జరిపిన బొమ్మ మీద కొంచెం దుమ్ము చల్లుతుంది. మొత్తం పోయేంత కాదు, సగం సగం మసకబారేంత. దాన్ని యంత్రానికి ఇచ్చి దులపమంటుంది. దులిపాక వచ్చేది పాతబొమ్మ లాంటిదే, కానీ పాతబొమ్మ కాదు. దాన్ని మళ్ళీ జరిపి, దుమ్ము చల్లి, దులిపి... 720 సార్లు. ఎదురెదురు అద్దాలున్న క్షౌరశాలలో కూర్చుంటే మన తల వెనక తల, దాని వెనక తల కనిపిస్తాయే, అలాంటి వరసే. తేడా ఏమిటంటే ఇక్కడ ప్రతి అద్దమూ తనకి తోచినట్టు కాస్త మార్చి చూపిస్తుంది.

నూటికి రెండు అంటే తక్కువని తీసిపారేయకండి. నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి, కట్టకుండా నెలనెలా వడ్డీ మీద వడ్డీ పడనిస్తే ముప్పై అయిదు నెలల్లో అసలు రెట్టింపవుతుంది. బొమ్మ కూడా అంతే. ముప్పై అయిదు ఫ్రేముల్లో, అంటే మూడు సెకన్లలో రెట్టింపు. నిమిషం అయ్యేసరికి మొదటి బొమ్మ మధ్యలో ఉన్న చుక్కలోకి ఇరవైసార్లు రెట్టింపై దూరిపోయి ఉంటాం. నిజానికి ఆ చుక్కలో ఏమీ లేదు. పెద్దది చేసినకొద్దీ అలికినట్టయిన చోటల్లా దులుపుడు కొత్త గీతలు పుట్టిస్తుంది. చూసేవాడికి మాత్రం ఎక్కడికో లోపలికి పోతున్నట్టే ఉంటుంది.

ఈ పనిలో కళాకారుడి చేయి అన్నిటికంటే తెలిసేది ఒక్క చోట: ఎంత దుమ్ము చల్లాలి? దీన్ని స్ట్రెంత్ అనే అంకెతో చెప్తారు, నాకు 'గుర్తు పాలు' అని రాసుకోవడం అలవాటు. 0.65 అంటే అంత పాలు పాత బొమ్మని ఉంచుకుని, ముప్పై మెట్లలో పది మెట్లు మాత్రమే దుమ్ములోకి దిగి, మళ్ళీ ఎక్కి రావడం. 0.9 పెడితే పాత బొమ్మ దాదాపు అలాగే ఉండి, పెద్దది చేసిన జిరాక్సు కాపీలా పాలిపోతుంది. 0.3 పెడితే నిన్నటి సంగతి మొత్తం మరిచిపోయి మళ్ళీ ట్యూబులైటు మొదలు. ఎక్కడ ఆపితే బొమ్మ తన్ను తాను సగం గుర్తుంచుకుని సగం మరిచిపోతుందో అక్కడ ప్రాణం వస్తుంది. ఉప్పు లాంటిది, కొలత పుస్తకంలో ఉండదు.

జర్మనీలో వాల్తర్ రుట్‌మన్ 1921లో చూపించిన నైరూప్య చిత్రం, అంటే ఏ వస్తువు రూపమూ లేని ఆకారాల సినిమా, ఇలాగే పుట్టింది. అద్దం మీద రంగు పూసి ఒక ఫ్రేము తీయడం, తడి ఆరకముందే కొంచెం తుడిచి, కొంచెం పూసి, మళ్ళీ ఒక ఫ్రేము. మన దేశంలో చిత్రకారుడు అక్బర్ పదమ్‌సీ 1970లో బొంబాయిలో 'సిజిజీ' అనే పదకొండు నిమిషాల సినిమా తీశాడు. గీతలూ చుక్కలూ తప్ప అందులో ఇంకేం లేవు. ఆ రేఖాచిత్రాలకి కదలిక ఇచ్చినవాడు రామ్ మోహన్. వాళ్ళకి పట్టిన నెలలు మనకి గంటల్లోకి దిగాయి. చేతిపని తగ్గింది, చూపు పని తగ్గలేదు. 720 ఫ్రేముల్లో ఎక్కడ చెడిందో వెతికేటప్పుడు అది తెలుస్తుంది.

కనుమ నాడు పొద్దున్నే ఎదురింటి అత్త వాకిట్లో మెలికల ముగ్గు వేసింది. పదమూడు చుక్కల ముగ్గు. ఎండ పడకముందే మిద్దె మీద నుంచి ఫొటో తీసుకుని, దాన్నే మొదటి ఫ్రేముగా పెట్టాను. మాటలు: వెండి తీగలు, నీలం రాయి, ప్రవహించే గీతలు. రాత్రంతా నడిపిస్తే తేలిన సంగతులు:

పదో ఫ్రేము దాకా అత్త ముగ్గు అలాగే ఉంది, పిండి గీతకి వెండి మెరుపు వచ్చింది. నలభయ్యో ఫ్రేములో చుక్కలు మాయమయ్యాయి. యంత్రం కంటికి చుక్క కూడా దుమ్మే కదా, తుడిచేసింది! నూట ఇరవై దగ్గర గీతలు తీగలై ఆకులు తొడిగాయి. నేను ఆకులు అడగలేదు. మెలిక చూస్తే దానికి లత గుర్తొచ్చింది, అంతే. మూడు వందలు దాటాక రంగు చిక్కబడుతూ పోయి నీలం కాస్తా ఊదా అయింది. ప్రతి దులుపుడులోనూ ఒక చెంచాడు సొంత రుచి కలుపుతుంది కాబట్టి మూడువందల చెంచాలయ్యేసరికి వంటే మారిపోతుంది. దీనికి మందు డిఫోరమ్‌లోనే ఉంది. ప్రతి ఫ్రేము రంగుల్నీ మొదటి ఫ్రేముతో సరిచూసి దిద్దమని చెప్పవచ్చు. అద్దకంవాళ్ళు కొత్త తొట్టి రంగుని పాత నూలు పక్కన పెట్టి సరిచూసినట్టు. ఇంకో తప్పు నాదే. విత్తు మార్చకుండా ఒకటే పెట్టాను. అప్పుడు దుమ్ము ప్రతిసారీ అదే చోట అదే తీరున పడుతుంది, బొమ్మ మీద గజ్జి లాంటి మచ్చ ముదురుతుంది. ఫ్రేము ఫ్రేముకీ విత్తు మార్చాలని పాడు చేసుకున్నాకే తెలిసింది.

మర్నాడు దిద్దిన వీడియో అత్తకి చూపించాను. ఆమె మెరుపులేవీ చూడలేదు. ఆకుల దగ్గర వేలు పెట్టి ఆపింది.

"ఇదేంది నాయనా, గీత కలవలేదే?"

ఇంకో చోట ఆపింది. అక్కడా కలవలేదు. ఎదురుగా ఉన్నా నాకు కనిపించలేదు. మెలికల ముగ్గులో గీత బయల్దేరిన చోటికి తిరిగి రావాలి, ప్రతి చుక్కా దాని వలలో పడాలి. యంత్రం లక్షల ముగ్గుల్ని చూసి ఉండొచ్చు, ముగ్గు ఎలా కనిపిస్తుందో దానికి తెలుసు. ఎలా నడుస్తుందో తెలియదు. గీత కలవడం మొత్తం ముగ్గుకి సంబంధించిన సంగతి, దీని చూపేమో ఇక్కడ ఈ రవ్వ దుమ్మా కాదా అన్న దగ్గరే ఉంటుంది. మనుషుల బొమ్మల్లో ఆరో వేలు మొలిచేదీ ఇందుకే. సిరోమణి దంపతుల సూత్రాల కంప్యూటరు ఈ ఒక్క విషయంలో యాభై ఏళ్ళ కిందటే దీన్ని దాటేసింది.

నైరూప్యం కాబట్టి ఎలా ఉన్నా చెల్లుతుంది అని నేను అంతవరకూ అనుకుంటూ వచ్చాను. మనిషి ముఖంలో తప్పు అందరూ పడతారు, మెలికలో తప్పు ఎవరు పడతారు అని. పట్టేవాళ్ళు ఉన్నారు. ఎదురింట్లోనే ఉన్నారు.

శబ్దం సంగతి ఒక్క మాటలో చెప్పేస్తాను. పండగకి ఆపిన మగ్గాలు మళ్ళీ మొదలయ్యాక షెడ్డులో మోత రికార్డు చేశాను. సెకనుకి రెండు దెబ్బలు, అంటే పన్నెండు ఫ్రేములకి రెండు. ప్రతి ఆరో ఫ్రేములో పెద్దది చేసే పాలు కొంచెం పెంచాను. వీడియో మగ్గంతో పాటు ఊపిరి తీసినట్టయింది. ఫ్రేముల్ని కుట్టడానికి, శబ్దం అతకడానికి ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు చాలు.

2023 నుంచి యానిమేట్‌డిఫ్, స్టేబుల్ వీడియో డిఫ్యూజన్ వంటివి వచ్చాయి. వీడియోలు చూసి కదలిక కూడా నేర్చుకున్నవి. గుర్రం పరిగెత్తాలన్నా జెండా ఎగరాలన్నా అవే మేలు. నాకు మాత్రం మతిమరుపు యంత్రమే ఇష్టం. జెండా ఎలా ఎగురుతుందో ముందే తెలిసినదానికి మెలిక చూసి లత గుర్తు రాదు.

ఉచితం అన్నదాని ఖరీదు

ఫైలు ఉచితం, డిఫోరమ్ ఉచితం. కంప్యూటరు ఉచితం కాదు. మంచి గ్రాఫిక్స్ కార్డు లేనివాళ్ళు ఇంటర్నెట్టులో అరువు కంప్యూటరు తీసుకోవాలి. కొన్ని సంస్థలు రోజుకి కొన్ని గంటలు ఊరికే ఇస్తాయి. బొమ్మకి అయిదు సెకన్లు పడితే 720 బొమ్మలకి సరిగ్గా గంట. ఊరికే ఇచ్చినవాళ్ళు ఎప్పుడు వెనక్కి తీసుకుంటారో చెప్పరు. నా వీడియో ఒకటి 611వ ఫ్రేము దగ్గర తెగిపోయింది, అప్పటిదాకా వచ్చిన బొమ్మలు కూడా దాంతోనే పోయాయి. ఇప్పుడు యాభై బొమ్మలకొకసారి దించుకుంటున్నాను.

ఇంకో ఖరీదు వేరేవాళ్ళు కట్టారు. ఈ యంత్రాలు నేర్చుకున్న కోట్ల బొమ్మలు గీసినవాళ్ళని ఎవరూ అడగలేదు. 2023 జనవరిలో శారా ఆండర్సన్, కెల్లీ మెకెర్నన్, కార్లా ఓర్టిజ్ అనే ముగ్గురు చిత్రకారులు అమెరికాలో దావా వేశారు. బతికున్న చిత్రకారుడి పేరు చెప్పి 'ఆయనలా గీయి' అని అడగడం నేను మానేశాను. ముగ్గుకి పేరున్న యజమాని లేడు కదా అని మొదట అనుకున్నా. అయినా అత్తని అడిగే ఫొటో వాడాను. "గాలికి పోయేదే గదా, వాడుకో" అంది.

నాలుగువందల పన్నెండో ఫ్రేము

ఊరికి బయల్దేరే ముందు మామకి ఇదంతా చెప్పాను. టీవీ చుక్కల దాకా శ్రద్ధగా విన్నాడు. మద్రాసు దూరదర్శన్ అనగానే యాంటెనా తిప్పింది తానేనని గుర్తు చేశాడు. 'అట్టలు ఎవరూ కొట్టలేదు, కోట్లమంది గీసినవి చూసి అదే ఊహిస్తుంది' అంటే కాసేపు ఆలోచించి, "అట్లయితే అందురూ తలా ఒక బెజ్జం కొట్టినట్టే గదా" అన్నాడు. శిక్షణ గురించి నేను చదివిన వివరణల్లో ఇంతకంటే పొట్టిది లేదు.

తర్వాత ముగ్గు వీడియోని తనే మెల్లగా జరుపుతూ ఒక చోట ఆపాడు. లెక్క చూస్తే 412వ ఫ్రేము. తీగ రెండుగా చీలి మళ్ళీ దగ్గరకొచ్చే మెలిక.

"ఇది చీర అంచుకి పనికొస్తుంది. ఎన్ని రంగులుండాయి ఇందులో?"

కంప్యూటరులో లెక్కపెట్టించాను. వేలల్లో ఉన్నాయి, ఒక్క నీలంలోనే వందల ఛాయలు.

"మూడుకి దించు. నూటిరవై పోగుల్లో ఇమడాల. ఈ చివర గీత ఆ చివర గీతతో కలవాల, లేకుంటే అంచు తెగినట్టుంటుంది. అట్లా చేసి తీసకరా, అట్టలు నేను కొట్టిస్తా."

రంగులు మూడుకి దించడం నిమిషంలో అయింది. నూటిరవై గళ్ళ కాగితం మీదికి దించేసరికి గీతలు కలవని చోట్లు పద్దెనిమిది తేలాయి. యంత్రానికి మళ్ళీ ఇస్తే కొన్ని కలిపి కొత్తవి తెంచింది. కాగితం, పెన్సిలు పట్టుకుని ఎదురింటి అత్త దగ్గరికి పోయాను.